కృష్ణ వెంట హంసలదీవి దాకా సైకిళ్ల మీద

ఇరవై రెండేళ్లుగా విజయవాడలో ఉంటున్నాను. ప్రకాశం బ్యారేజీ మీద నుంచి ఎన్ని వేలసార్లు వెళ్లి ఉంటానో లెక్క లేదు. ఎగువన నిండుగా నీళ్లు, దిగువన ఇసుక మేటలు. నాకు తెలిసిన కృష్ణ ఇంతే. ఆ 70 గేట్లు దాటాక ఏరు ఏయే ఊళ్ల పక్క నుంచి పోతుందో, సముద్రంలో కలిసే చోట ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున రైడ్ అయ్యాక టీ తాగుతూ మా గ్రూపులో ఈ మాట అన్నాను. మాస్టారు వెంటనే, "అయితే కరకట్ట పట్టుకుని పోదాం అమ్మాయ్. ఎక్కడా ఏటిని వదలొద్దు. అది ఎంతవరకు పోతే అంతవరకు" అన్నారు.

అలా కుదిరిన ప్రయాణం ఇది. నిన్న రాత్రి ఇంటికి చేరాను. కాళ్లు ఇంకా బరువుగానే ఉన్నాయి. ఊళ్ల పేర్లు, ముఖాలు, మాటలు కలగాపులగం కాకముందే రాసి పెట్టుకుంటున్నాను.

జనవరి 24, శనివారం: యనమలకుదురు కట్ట మీద

తెల్లవారుజామున ఐదింటికి తొమ్మిదిమంది పోగయ్యాం. రిటైరైన చరిత్ర లెక్చరర్ మాస్టారికి 64 ఏళ్లు. గేర్లు లేని 22 ఇంచుల మామూలు సైకిలు ఆయనది. వెనక క్యారేజీ మీద పంపు, పంక్చరు సామాను, చిన్న ప్లాస్టిక్ గిన్నె. పటమటలో ప్రాక్టీసు చేసే డాక్టరుగారు, ఆవిడ అన్నయ్య, గవర్నరుపేటలో షాపు నడిపే ఇద్దరు స్నేహితులు, ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్లు ఇద్దరు, మా వీధి చివర జిరాక్స్ సెంటర్ అమ్మాయి, నేను. సన్న టైర్ల సైకిళ్లు రెండే. మాస్టారిది కాక మిగతావన్నీ గేర్లున్న మామూలు సైకిళ్లు.

మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు సైకిలు వెనక లైటు ఎర్రగా మిణుకుమనడం తప్ప మనిషి కనపడడం లేదు. బయల్దేరేముందు మాస్టారు అందరినీ గుండ్రంగా నిలబెట్టి రెండు మాటలు చెప్పారు. ముందు నడిపించేవాళ్లను దాటి ఎవరూ పోకూడదు. చివర వచ్చేవాళ్ల వెనక ఎవరూ మిగలకూడదు. గుంత కనిపిస్తే "గుంత" అని అరవాలి, వెనకవాళ్లు దాన్నే అందుకుని ఇంకా వెనక్కి చేరవెయ్యాలి. లారీ వస్తే చివరివాళ్లు అరవాలి, ఆ అరుపు ముందుకు పోవాలి. మొదటి గంటంతా మా మాటలు ఇవే. "గుంత." "గుంత." "లారీ." "లారీ." మంచులో ఒకరి గొంతు మీద ఇంకొకరు నమ్మకం పెట్టుకుని తొక్కడం నాకు కొత్త. టెన్షన్ పడుతూనే మొదలుపెట్టాను కానీ పెదపులిపాక దాటేసరికి అది పోయింది.

కరకట్ట రోడ్డు సన్నం. దిగువకు పోతున్నాం కాబట్టి కుడిచేతి వైపు ఏరు, ఎడమచేతి వైపు ఊళ్లు, పొలాలు. చోడవరం దగ్గర తెల్లారింది. అప్పటికి గాని ఏరు కనపడలేదు. కనపడ్డది కూడా నీళ్లు కాదు, ఇసుక. మైలు వెడల్పున ఇసుక, మధ్యలో రెండు మూడు పాయలు, అక్కడక్కడ రెల్లు దుబ్బులు. ఒక పాయ ఒడ్డున గేదెలు బారులు తీరి నీళ్లలోకి దిగుతున్నాయి. వాటి వెనక మోకాలి లోతు నీళ్లలో నడుస్తున్న మనిషి ఎదర ఒడ్డు నుంచి వస్తున్నాడు. ఏటికి అడ్డంగా నడిచి గుంటూరు వైపు నుంచి కృష్ణా వైపుకి వచ్చేస్తున్నాడన్నమాట. నేను సైకిలు ఆపేసి చూస్తూ నిలబడ్డాను. వర్షాకాలంలో బ్యారేజీ దగ్గర వరద నీరు చూసి దణ్ణం పెట్టుకునే ఏరు ఇదే.

తోట్లవల్లూరు

ఎనిమిదింటికి తోట్లవల్లూరు చేరాం. కట్ట దిగి ఊళ్లోకి వెళ్తే బడ్డీ లాంటి చిన్న హోటలు. రెండు బల్లలు, బయట వేప చెట్టు కింద ఇంకో బల్ల. నడిపేది భార్యాభర్తలు. ఆయన పొయ్యి దగ్గర, ఆవిడ వడ్డన.

ఇడ్లీ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, తప్పదు. విజయవాడలో మాకు ఇడ్లీకి తక్కువేమీ లేదు. కానీ ఇక్కడ ఆవిడ గుడ్డ మీద వేసి ఉడికించిన ఇడ్లీని తడి గుడ్డతో సహా పళ్లెం మీద బోర్లించి, గుడ్డ అంచు పట్టుకుని మెల్లగా ఒలిచింది. ఇడ్లీ మీద గుడ్డ నేత గుర్తులు సన్నగా పడి ఉన్నాయి. పొగ పోకముందే దాని నడుమ వేలితో గుంత చేసి అందులో కారప్పొడి, దాని మీద నెయ్యి. పక్కన అల్లం పచ్చడి. ఆ అల్లం పచ్చడిలో బెల్లం పాలు ఎక్కువ, చింతపండు పులుపు నాలుక చివర తగులుతుంది. నాలుగు ఇడ్లీలు 40 రూపాయలు. నేను రెండు ప్లేట్లు తిన్నాను. కుర్రాళ్లు పెసరట్టు కూడా చెప్పారు. డబ్బులిస్తుంటే ఆవిడ, "ఆడపిల్లలు కూడా ఇంత దూరం తొక్కుతారా అమ్మా? కాళ్లు లాగవూ?" అని అడిగి, డాక్టరుగారి చేతిలో, నా చేతిలో, జిరాక్స్ అమ్మాయి చేతిలో తలా ఒక అరటిపండు పెట్టింది. వాటికి డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

అక్కణ్నుంచి దారి పొడుగునా అరటి, పసుపు, చెరకు. చెరకు ట్రాక్టర్లు వచ్చినప్పుడల్లా కట్ట అంచుకి దిగి నిలబడాల్సిందే, రెండో దారి లేదు. ఒక ట్రాక్టరు డ్రైవరు బండి నెమ్మది చేసి, పైనుంచి రెండు గడలు లాగి రోడ్డు పక్కన పడేసి, చెయ్యి ఊపి పోయాడు. అందరం తలా ఒక ముక్క విరుచుకున్నాం. మాస్టారు పళ్లతో చెరకు చీరుస్తుంటే కుర్రాళ్లు నోరు తెరుచుకుని చూశారు.

శ్రీకాకుళం నుంచి మోపిదేవి

శ్రీకాకుళం అంటే ఉత్తరాంధ్ర జిల్లా కాదు. కృష్ణ ఒడ్డున, ఘంటసాల మండలంలో ఉన్న పాత ఊరు ఇది. ఆంధ్ర మహావిష్ణువు గుడి ఇక్కడిదే. కృష్ణదేవరాయలు కళింగ యాత్రలో ఇక్కడ ఆగినప్పుడు ఈ స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని, ఆముక్తమాల్యద అలా పుట్టిందని అంటారు. మేం వెళ్లేసరికి గుళ్లో పదిమంది కూడా లేరు. మాస్టారు ధ్వజస్తంభం దగ్గర కూర్చుని, "దేశభాషలందు తెలుగు లెస్స అన్న మాట పుట్టిన చోట కూర్చున్నారర్రా మీరు" అన్నారు కుర్రాళ్లతో. వాళ్లిద్దరూ ఫోన్లు జేబులో పెట్టేసి ఆయన పక్కన కూర్చున్నారు. ఆయన చెప్పిన తీరు అలాంటిది.

పదకొండు దాటాక గాలి మారింది. పొద్దున్నుంచి ఊసే లేని గాలి ఒక్కసారిగా ఎదురు తిరిగింది. సముద్రపు గాలి. నేల వేడెక్కేకొద్దీ సముద్రం మీంచి లోపలికి వీస్తుంది. మేము వెళ్లేది సముద్రం వైపే కాబట్టి ఇక మొహం మీదే. తొక్కుతుంటే సైకిలుని వెనక్కి ఎవరో పట్టుకు లాగుతున్నట్టుంది. గంటకి 18 కిలోమీటర్లు పోతున్నవాళ్లం 11కి వచ్చేశాం.

గ్రూపు ఎందుకో అప్పుడు తెలిసింది. ఒకరి వెనక ఒకరం, ముందు చక్రానికీ వెనక చక్రానికీ రెండు బారల దూరంలో వరసగా నిలిచాం. ముందున్నవాళ్లు గాలిని కోస్తారు, వెనకవాళ్లకి బరువు తగ్గుతుంది. ముందువాళ్లు రెండు నిమిషాలు లాగి, పక్కకి తప్పుకుని, వరస చివరికి వచ్చేస్తారు. తర్వాతివాళ్లు ముందుకి. నా వంతు వచ్చినప్పుడు చెవుల్లో గాలి హోరు తప్ప ఇంకేం వినపడలేదు. వెనక్కి వచ్చి మాస్టారి క్యారేజీ వెనక చేరగానే ఏదో గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నట్టు ప్రశాంతం. మాస్టారిని ముందుకి వెళ్లొద్దని డాక్టరుగారు రెండుసార్లు చెప్పారు. ఆయన వినలేదు. తన వంతు తాను లాగారు.

పెదకళ్లేపల్లి దగ్గర కొబ్బరి బోండాం తాగాం, ఒక్కోటి 40. పాటల వేటూరి సుందరరామమూర్తి పుట్టిన ఊరు ఇది. బోండాలు కొట్టే ఆయనకి ఆ మాట చెప్పాల్సిన పని లేకుండా ఆయనే మాకు చెప్పాడు, ముందు అదే చెప్పి తర్వాత బోండాం చేతికిచ్చాడు.

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడి ముందు శనివారమైనా జనం బాగానే ఉన్నారు. చెవులు కుట్టించుకున్న పసివాళ్ల ఏడుపులు, గుండు మీద గంధం రాసుకున్న పిల్లలు. దణ్ణం పెట్టుకుని కదిలాం. ఆకలి ఆగనివ్వలేదు.

పులిగడ్డ, అవనిగడ్డ

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయల మధ్య, సముద్రం దాకా ఉన్న నేలే దివిసీమ. పొద్దున ఇసుకలో సన్నగా పారిన ఏరు ఇక్కడ ఒడ్డు నుంచి ఒడ్డుకి నిండుగా ఉంది. అంత నీరు ఎక్కణ్నుంచి వచ్చిందని అర్థం కాలేదు. వల బాగు చేసుకుంటున్న పెద్దాయన్ని అడిగితే, "ఇది ఏటి నీరు కాదమ్మా. సముద్రం ఎదురొచ్చింది. పోటు నీరు. కావాలంటే నోట్లో పోసుకుని చూడండి" అన్నాడు. దోసిట్లో తీసుకుని చూశాను. ఉప్పన.

అక్కడే అక్విడెక్టు. నది మీదుగా కాలువను దాటించే కట్టడం. కింద స్తంభాల మధ్య ఉప్పు నీటి ఏరు, పైన తొట్టి లాంటి దారిలో దివిసీమ పొలాలకి పోయే మంచినీటి కాలువ. బ్యారేజీ దగ్గర కాలువలోకి మళ్లిన కృష్ణ నీళ్లే ఇవి. ఇంత దూరం పక్కపక్కనే వచ్చి, ఇక్కడ కృష్ణ మీదుగానే కృష్ణ దాటుతోంది. ఆ గోడ పట్టుకుని పైకీ కిందికీ చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో. డాక్టరుగారు వచ్చి "భోజనం" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లారు.

అవనిగడ్డ మెస్సులో 150 రూపాయలకి అరిటాకు నిండా భోజనం. ముద్దపప్పు, గోంగూర, వంకాయ కూర, కట్టిపరిగెల పులుసు. కట్టిపరిగెలు వేలెడంత చేపలు, ముళ్లతో సహా నమిలెయ్యొచ్చు. పులుసు నిన్న చేసిందట. ఆ మాట దాచకుండా చెప్పి, "నిన్నటిదైతేనే రుచండీ" అంటూ మారు వడ్డించాడు. రొయ్యల వేపుడు విడిగా 120. మా తొమ్మిదిమందిలో ముగ్గురు శాకాహారులు, వాళ్లకి ఆవకాయ, అప్పడాలు రెండేసి ఎక్కువ పడ్డాయి.

సాయంత్రం అందరం పడుకుంటే మాస్టారు ఒక్కరే సైకిలు తీశారు. నేను తోడు వెళ్లాను. ఉప్పెనలో పోయినవాళ్ల గుర్తుగా కట్టిన స్తూపం దగ్గరికి వెళ్లారు.

"1977 నవంబరు 19. అదీ శనివారమే" అన్నారు. "నేను పదో తరగతి. పేపర్లో ఫోటోలు చూసి మా బడి పిల్లలం ఇంటింటికీ తిరిగి పాత బట్టలు, బియ్యం పోగు చేశాం. లారీకి ఎక్కించాం. నేనూ వస్తానంటే మా నాన్న పంపలేదు. శవాలు చూసి భయపడతావు, వద్దురా అన్నాడు. తర్వాత ఎప్పుడూ రాలేదు."

ఇంతకాలం ఎందుకు రాలేదని నేను అడగలేదు. ఆయన చెప్పులు విప్పి, స్తూపం చుట్టూ ఒకసారి తిరిగారు. తాటిచెట్టెత్తు అల వచ్చిందని ఇక్కడివాళ్లు ఈనాటికీ చెబుతారు. పోయినవాళ్లు వేలల్లో. దారిలో ఊరూరా స్తంభాల మీద ఎత్తుగా కట్టిన తుపాను షెల్టర్లు చూశాం. ఇవన్నీ బడి భవనాలనుకున్నాను పొద్దున. తిరిగి వస్తుంటే బడ్డీ కొట్టు దగ్గర కాల్చిన తేగలు కట్ట 50కి కొన్నారు మాస్టారు. తేగ చీల్చి, నడుమ తియ్యగా ఉండే చందమామ నాకిచ్చారు. ఇద్దరం నడుచుకుంటూ, సైకిళ్లు తోసుకుంటూ లాడ్జికి వచ్చాం.

జనవరి 25, ఆదివారం: దారి తప్పిన తెల్లారుజాము

ఆదివారం రథసప్తమి. ఆ రోజు ఇంట్లో ఉండనని అత్తయ్యగారికి ముందే చెప్పాను. ఏమంటారోనని భయపడ్డాను. ఆవిడ ఏమీ అనకుండా ఏడు జిల్లేడు ఆకులు, ఏడు రేగిపళ్లు తడి గుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి నా సైకిలు సంచిలో వేశారు. "సముద్రంలో చేస్తే ఇంకా మంచిది. నా పేరు కూడా చెప్పుకో" అన్నారు. సూర్యోదయానికి సముద్రం ఒడ్డున ఉండాలని నాలుగింటికే బయల్దేరాం. అవనిగడ్డ నుంచి హంసలదీవి 30 కిలోమీటర్ల లోపే. సులువుగా అందుకుంటాం అనుకున్నాం.

కోడూరు దాటాక మంచు మళ్లీ కమ్మింది. ముందు నడిపిస్తున్నది కుర్రాళ్లు. ఫోన్లో మ్యాపు దగ్గర దారి చూపిస్తోందని ఎడమకి తిప్పారు. కాసేపటికి తారు పోయి గ్రావెలు, గ్రావెలు పోయి మట్టి. రెండు పక్కలా నీళ్లు. చీకట్లో ఎటు చూసినా బడబడమని చప్పుడు. మొదట సముద్రమే అనుకున్నాం. కాదు, రొయ్యల చెరువులు. ఏరేటర్లు తిరుగుతున్నాయి. చక్రానికి రేకులు కట్టినట్టుండే ఆ మిషను నీళ్లను పైకి ఎగజిమ్ముతూ ఉంటే నురగ తెల్లగా కనిపిస్తోంది. గట్టు రానురాను సన్నబడి, ఒక మోటారు షెడ్డు దగ్గర ఆగిపోయింది. దాని అవతల మడ అడవి. దారి లేదు.

కుర్రాళ్లు చిన్నబోయారు. ఒకడైతే దాదాపు ఏడుపు మొహంతో "సారీ అక్కా, నా వల్లే" అన్నాడు. తూర్పు అప్పటికే ఎర్రబడుతోంది. వెనక్కి వెళ్లి సరైన దారి పట్టేసరికి పొద్దు పైకి వచ్చేస్తుంది. మాస్టారు సైకిలు స్టాండు వేసి, "సూర్యుడు ఇక్కడ కూడా అదే సూర్యుడేరా. ఇక్కడే చూద్దాం" అన్నారు.

టార్చి వేసుకుని చెరువు కాపలా ఆయన వచ్చాడు. ముందు గట్టిగానే అడిగాడు, "ఎవరండీ? ఈ ఏళప్పుడు చెరువు మీదకి ఎందుకొచ్చారు?" అని. చెరువు పక్కన రాత్రిపూట కొత్త మనుషులు కనిపిస్తే అనుమానం రావడం సహజమే. సంగతి చెప్పగానే గొంతు మారిపోయింది. "మంచులో అందరూ ఇలాగే వచ్చేత్తారండీ. రండి, రండి. జారుద్ది, గట్టు మధ్యలో నడవండి. నిన్న రాత్రే బావురుపిల్లి వచ్చి ఇక్కడే కూర్చుంది" అంటూ షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు.

వెనక తాటాకుల ఇల్లు. వాకిట్లో ముగ్గు, ముగ్గు మధ్యలో తులసికోట. దాని ముందు పిడకలు పేర్చి, వాటి మీద ఇత్తడి గిన్నెలో పాలు పెట్టి ఆయన భార్య విసురుతోంది. చిక్కుడుకాయలకి పుల్లలు గుచ్చి చేసిన చిన్న రథం పీట మీద ఉంది. ఆవిడ మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయింది గానీ చెయ్యి ఆపలేదు. "కూర్చోండమ్మా, పాలు పొంగే ఏళ" అంది అంతే.

అందరం నిశ్శబ్దంగా నిలబడ్డాం. చెరువుల మీది మంచు పలచబడుతూ ఉంది. గిన్నె అంచు చుట్టూ చిన్న చిన్న బుడగలు, నడుమ మీగడ కట్టి వణుకుతోంది. ఆవిడ ముందుకు వంగి చూస్తోంది, మేమూ చూస్తున్నాం. పాలు లేచి, ఒక్క క్షణం గిన్నె అంచు మీద ఆగి, తూర్పు వైపు పొంగి పిడకల మీద పడ్డాయి. చుయ్‌మన్న చప్పుడు, పొగ. సరిగ్గా అప్పుడే అన్నట్టు మడ చెట్ల పైనుంచి సూర్యుడు. చెరువులన్నిట్లో ఒక్కో సూర్యుడు, ఏరేటరు రేకులకి తగిలి ముక్కలవుతూ, మళ్లీ కలుస్తూ. జిరాక్స్ సెంటర్ అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పిల్ల ఏం మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

కొత్త బియ్యం, బెల్లం వేసి పరమాన్నం చేసి, చిక్కుడు ఆకుల్లో దేవుడికి పెట్టి, మాకు తలా ఒక ఆకు మీద పెట్టింది. పొగ వాసన పట్టిన ఆ పరమాన్నం ఆకు పసరు వాసనతో కలిసి నోట్లో ఇంకా ఉన్నట్టుంది నాకు. తొమ్మిదిమందికి పంచాక ఆ గిన్నెలో వాళ్లకి ఎంత మిగిలిందో నేను చూశాను. రెండు గరిటెలు. డబ్బులిస్తామంటే ఆయన చాలా నొచ్చుకున్నాడు. పండగ పూట వచ్చారు, సుట్టాలే కదండీ అన్నాడు. మాస్టారు తన సంచిలో ఉన్న తేగల కట్ట తీసి వాళ్ల చిన్నబాబు చేతిలో పెట్టారు. అది మాత్రం తీసుకున్నారు.

ఆవిడ మాతో మెయిన్ రోడ్డు దాకా నడిచి వచ్చింది. దారిలో గట్టు పక్క జిల్లేడు చెట్టు ఆకులు తుంచి డాక్టరుగారికి, మిగతావాళ్లకి ఇచ్చింది. "ఒక్కరి ఆకులు ఇంకొకరు పెట్టుకోకూడదమ్మా" అని లెక్కపెట్టి మరీ ఇచ్చింది. ఎనిమిదిమందికి, ఏడేసి.

హంసలదీవి, పాలకాయతిప్ప

హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి దగ్గర రద్దీ మొదలైంది. ఆటోలు, ట్రాక్టర్లు, తడి బట్టలతో తిరిగి వస్తున్నవాళ్లు. అందరి పాపాలూ కడిగి కడిగి నల్లబడిన గంగ, కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, ఇక్కడ మునిగి హంసగా తెల్లబడి లేచిందట. ఊరి పేరు అందుకే వచ్చిందంటారు. గుడి దగ్గర పులిహోర పొట్లం 20.

అక్కణ్నుంచి పాలకాయతిప్ప దాకా రోడ్డు ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది. ఊళ్లు లేవు, పొలాలు లేవు. రెండు పక్కలా మడ అడవులు, బురదలో నుంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేర్లు, వాటి మధ్య ఎర్ర డెక్కల చిన్న పీతలు. ఇదంతా కృష్ణా అభయారణ్యం. కారులో అయితే ఐదు నిమిషాల్లో దాటేసే ముక్క ఇది. మేము అరగంట తొక్కాం, మాటల్లేకుండా. మలుపు తిరిగాక చెట్ల మధ్య నుంచి ముందు చప్పుడు వినిపించింది, తర్వాత ఉప్పు వాసన, ఆ తర్వాత సముద్రం.

సైకిళ్లు ఒడ్డునే తాళాలు వేసి వదిలేశాం. తడి ఇసుక మీద సైకిలు తొక్కాలని కుర్రాళ్లకి సరదాగా ఉంది. మాస్టారు ఒప్పుకోలేదు. ఉప్పు నీరు గొలుసులోకి పోతే వారంలో తుప్పు పట్టేస్తుందన్నారు. సంగమం అక్కణ్నుంచి ఇంకా దూరం. ఒడ్డు వెంట నడిచాం. దారిలో ఒక తాబేలు చచ్చి పడి ఉంది. ఆలివ్ రిడ్లే. రెండడుగుల పైన ఉంటుంది. కళ్లు మూసుకుపోయి ఉన్నాయి, వీపు చిప్ప మీద ఇసుక మేట వేసింది. ఇవి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వచ్చే కాలం ఇదే. అటవీశాఖవాళ్లు ఆ గుడ్లు ఏరి వలకంచె లోపల ఇసుకలో పాతిపెట్టి, నెలన్నర పైన కాపలా కాసి పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలో వదులుతారు. ఒక్కో తల్లి వందకు పైగా గుడ్లు పెడుతుందట. డాక్టరుగారు వంగి దాని వీపు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉన్నారు.

సంగమం దగ్గర గోడలా గీత ఉంటుందని, ఇటు నది అటు సముద్రం అని తెలుస్తుందని అనుకున్నాను. అలా లేదు. ఒక పక్క నీళ్లు నిదానంగా, ఆకుపచ్చగా వస్తున్నాయి. ఇంకో పక్క అలలు లేస్తున్నాయి. మధ్యలో ఒక పొడవాటి మడత, అది ముందుకీ వెనక్కీ కదులుతోంది. నిన్న పొద్దున గేదెలు దిగిన పాయ, పులిగడ్డలో నా నోటికి తగిలిన ఉప్పు, అన్నీ ఇక్కడికే వచ్చాయి. ఆ మడత దాకా వెళ్లొద్దని ఒడ్డున ఉన్న జాలరి అరిచి చెప్పాడు. ఇసుక కింద నుంచి కోసుకుపోతుందట. ఒడ్డునే, నడుం లోతు కూడా లేని చోట మునిగాం.

తల మీద మూడు, భుజాల మీద రెండేసి ఆకులు పెట్టుకున్నాను. రేగిపళ్లు గుప్పెట్లో పట్టుకుని ముందు అత్తయ్యగారి పేరు, తర్వాత మా అమ్మ పేరు, పిల్లల పేర్లు చెప్పుకుని మునిగాను. లేచేసరికి ఆకులు నా చుట్టూ తేలుతున్నాయి. కొద్ది దూరంలో మాస్టారు నిలబడి రెండు చేతులా నీళ్లు తీసి వదులుతున్నారు. అర్ఘ్యం అనుకున్నాను. దగ్గరికి వెళ్తే, "తర్పణం అమ్మాయ్. పేర్లు తెలియవు. దివిసీమవాళ్లు అని చెప్పి వదిలాను" అన్నారు.

తిరుగు దారి

వెనక్కి వస్తుంటే మడ అడవి రోడ్డు చివర నా వెనక చక్రం దిగిపోయింది. సర్కారు తుమ్మ ముల్లు, రెండంగుళాలది. ఎండలో రోడ్డు పక్కన మాస్టారు తన గిన్నె తీశారు. ట్యూబు ముక్క ముక్కగా నీళ్లలో ముంచుతూ చెవి దగ్గర పెట్టుకున్నారు. సన్నటి బుడగల వరస కనిపించగానే అక్కడ గోరుతో గీత పెట్టి, తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి ఊది ఆరబెట్టి, ప్యాచీ వేశారు. టైరు లోపల వేలు తిప్పి ముల్లు మొన ఇంకా ఉందేమో చూశారు. ఉంది. కుర్రాళ్లలో దారి తప్పించినవాడు ఆయన పక్కనే గొంతుక్కూర్చుని అంతా చూశాడు. కోడూరు దగ్గర డాక్టరుగారి చక్రం దిగితే ఆ రెండో ప్యాచీ వాడే వేశాడు. అవనిగడ్డ దాకా ఆగింది.

ఖర్చు మనిషికి గది, భోజనాలు, టీలు అన్నీ కలిపి 1,400 లోపే తేలింది.

బయల్దేరేముందు చెరువు దగ్గర అందరం కలిసి తీసుకున్న ఫోటో ఆ కాపలా ఆయన ఫోనుకి రాత్రే పంపాను. ఇందాక ఇది రాస్తుండగా ఫోన్ మోగింది. ఆవిడ. "క్షేమంగా చేరారా అమ్మా? ఆ పెద్దాయనకి మోకాలు నొప్పి తగ్గిందా? దిగేటప్పుడు కుంటారు" అంది. మాస్టారు కుంటిన సంగతి మాలో ఎవరూ గమనించలేదు. వచ్చే నెల రొయ్యల పట్టుబడి ఉంటుందట, అప్పుడు రమ్మంది. "ఈసారి ఎడమకి తిరగండమ్మా, మెయిన్ రోడ్డు మీద పోవద్దు. మా ఇల్లు అటే."